మా రోజుల్లో సముద్రం నీలంగా ఉండేది కాదు

భైరవపాలెం దగ్గర సూర్యుడు సముద్రంలో అస్తమించడు. ఉదయిస్తాడు. అస్తమించేది మన వీపు వెనక, కొబ్బరితోటల అవతల, అమలాపురం వైపు. ఐ.పోలవరం మండలంలో పుట్టిన పిల్లాడికి ఈ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. అయినా మొన్న సంక్రాంతికి ముగ్గుల పోటీతో పాటు బొమ్మల పోటీ కూడా పెట్టి ‘మా ఊరి సముద్రం’ అని అంశం ఇస్తే, వచ్చినవాటిలో సగానికి పైగా బొమ్మల్లో ఎర్రటి సూర్యుడు నీళ్లలోకి దిగిపోతున్నాడు. నీళ్లేమో నీలం. గట్టు మీద పూరిపాక. పాక పక్కన వంగిన కొబ్బరిచెట్టు. చెట్టు వెనక తెరచాప పడవ. పేర్లు మారుస్తే ఎవరి బొమ్మ ఎవరిదో తల్లులు కూడా చెప్పలేరు.

రిటైరైన డ్రాయింగు మేష్టర్ని కదా అని నన్ను తీసుకెళ్లి కుర్చీలో కూర్చోబెట్టారు, మార్కులు వెయ్యమని. ఒక కుర్రాణ్ని పిలిచి, “ఏరా, ఈ పొద్దు నువ్వెక్కడ చూశావు?” అన్నాను. “ఆయ్, ఫోన్లోనండి” అన్నాడు. నిజం చెప్పాడని ఒక మార్కు ఎక్కువ వేశాను. పక్కన కూర్చున్న పెద్దమనిషి మాత్రం, “ఏదో చిన్నపిల్లలండీ, వదిలెయ్యండి మేష్టారూ” అన్నాడు. వదిలెయ్యను. వదిలేసీ వదిలేసీ ఇక్కడిదాకా వచ్చాం.

అసలు మన సముద్రం నీలం అని ఎవడు చెప్పాడు? విశాఖపట్నం వెళ్లి చూడండి, నీలమే. ఒప్పుకుంటాను. ఇక్కడ సముద్రానికి రంగు వేసేది గోదారి. ఆషాఢం వచ్చి పైన వానలు పడగానే, ఎక్కడో మహారాష్ట్రలో కోసుకుపోయిన మట్టి, తెలంగాణలో కొట్టుకొచ్చిన మట్టి ధవళేశ్వరం దాటి, యానాం ముందు నుంచి గౌతమిలో దిగి వచ్చి సముద్రంలో పడుతుంది. ఎర్రనీరు అంటాం. ఎర్రనీరు దిగితే పులస ఎక్కుతుంది, అది అందరికీ గుర్తుంటుంది, నోటి సంగతి కాబట్టి. కంటి సంగతి మటుకు ఎవరికీ గుర్తుండదు. ఆ రోజుల్లో మొగ దగ్గర నిలబడితే కనుచూపు మేర కలిపిన గంధంలా ఉంటాయి నీళ్లు. కార్తీకం వచ్చేసరికి మట్టి కిందికి దిగి నీటిలో ఆకుపచ్చ తేలుతుంది. ఎండాకాలం ఇంకో రంగు. కాటన్ దొర 1852లో ఆనకట్ట పూర్తి చేశాక వేసవిలో నదినీరంతా కాలవల్లోకి మళ్లుతుంది, కింద పాయల్లోకి సముద్రమే ఎదురెక్కి వస్తుంది. అప్పుడు ఎదుర్లంక రేవులో నీళ్లు నోట్లో పోసుకుంటే ఉప్పు. రంగు చూస్తే బూడిద కలిసిన పచ్చన. ఏడాదికి మూడు రంగులు మారే నీటిని పన్నెండు నెలలూ ప్రష్యన్ బ్లూతో ఎలా వేస్తార్రా నాయనా?

మా రోజుల్లో ఈ ఎర్రనీరు ఎలా వెయ్యాలో ఒకళ్లకొకళ్లం చెప్పుకునేవాళ్లం. ఎల్లో ఓకర్ పల్చగా కాగితమంతా పరవాలి. అది తడి మీద ఉండగానే దగ్గరి నీటిలోకి బర్ంట్ సియెన్నా వదలాలి. దూరానికి వెళ్లే కొద్దీ రవ్వంత కోబాల్ట్ కలపాలి, ఎందుకంటే దూరపు నీరు ఆకాశాన్ని ఎక్కువ పట్టుకుంటుంది, దగ్గరి నీరు తన ఒంటి రంగు చూపిస్తుంది. గాలి తగిలి అల రేగిన చోట కాగితాన్ని వట్టిగా వదిలెయ్యాలి, తెల్లరంగు తెచ్చి పైన పుయ్యకూడదు. ఇంతే. ఈ నాలుగు మాటలూ పుస్తకంలో రాసుంటే నేర్చుకునేవి కావు. గట్టు మీద కూర్చుని, వేసి, చింపి, మళ్లీ వేస్తే వచ్చేవి.

కూర్చోవడం అంటే ఊరికే కాదు. పోటూ పాటూ తెలియాలి. ఇప్పటి పిల్లలకి వాతావరణం ఫోన్ చెబుతుంది, పోటు లెక్క కూడా ఎందులోనో ఉంటుందట, చూసేవాణ్ని ఒక్కణ్ని చూపించండి. మాకు పడవ సరంగులు చెప్పిన లెక్క ఒకటే: పోటు రోజుకి రెండు గడియలు వెనక్కి జరుగుతుంది. గడియ అంటే ఇరవై నాలుగు నిమిషాలు, రెండు గడియలంటే నలభై ఎనిమిది. ఇంగ్లీషు లెక్కలోనూ సుమారు యాభై నిమిషాలే. ఇవాళ నాలుగింటికి నిండిన రేవు రేపు నాలుగింటికి ఇంకా నిండుతూనే ఉంటుంది. వారం పోయాక అదే నాలుగింటికి వెళ్తే బురద కనిపిస్తుంది, పడవలు ఒరిగి పడుకుని ఉంటాయి. మరి సగం వేసిన బొమ్మ పూర్తి చేసేదెప్పుడు? అదే పోటు, అదే ఎండ రెండూ కలిసి మళ్లీ దొరకాలంటే పక్షం రోజులు ఆగాలి. అమావాస్యకి మొదలెట్టిన బొమ్మకి పున్నానికి మిగతా చెయ్యి. మబ్బు పట్టిందా, మళ్లీ అమావాస్య దాకా చేతులు ముడుచుకుని కూర్చోవడమే. ఈ ఓపిక ఇప్పుడెవరికుంది? ఫోటో తీసుకుంటే పోటు ఎక్కడికీ పోదు కదా అంటారు. పోదు, నిజమే. రావడం కూడా తెలియదు దానికి.

పొద్దు సంగతి ఇంకోటి. మన ఒడ్డు తూర్పు ముఖం. పొద్దున్నే కూర్చుంటే ఎండ ఎదురుగా వస్తుంది, పడవలన్నీ నల్లగా, అంచులు మాత్రం మెరుస్తూ కనిపిస్తాయి. తొమ్మిది దాటితే ఎండ నెత్తికెక్కి అన్నీ తెల్లబారిపోతాయి, పెట్టె మూసెయ్యడం మంచిది. మళ్లీ మూడు దాటాక, ఎండ వీపు మీద పడ్డాక, అదే పడవ ఎర్రచారా, పచ్చచారా, ముక్కు మీద రాసిన దేవుడి పేరూ అన్నీ చూపిస్తుంది. పొద్దున్న ఆకారం, సాయంత్రం రంగు. మేం ఒక రేవుకి రెండు పూటలూ వెళ్లేవాళ్లం, రెండు బొమ్మలు మొదలెట్టేవాళ్లం. ఇప్పుడు పదకొండింటికి కారు దిగి, పన్నెండింటికి ఎక్కేస్తున్నారు.

మేం మోసుకెళ్లిన సరంజామా గురించి చెబితే మా మనవళ్లు నవ్వుతారు. చెక్క మీద కాగితం తడిపి, అంచులకి మైదా ఉడికించిన జిగురు రాసి అంటించేవాళ్లం. కేమెల్ రంగుల పెట్టె, రెండు కుంచెలు, కూర్చోవడానికి ముక్కాలి పీట, ఒక మరచెంబు. మరచెంబు ఎందుకంటే మంచినీళ్ల కోసం. చుట్టూ అన్ని నీళ్లు పెట్టుకుని చెంబు మోయడమేంటని పంటు మీద జనం ఎగతాళి చేసేవారు. ఉప్పునీళ్లతో కలిపిన రంగు ఆరదు. ఆరినట్టే ఆరి, రాత్రి గాలిలో తేమ తగలగానే మళ్లీ చెమ్మగిల్లుతుంది. వారానికి కాగితం మీద తెల్లపొడి లేస్తుంది. అందుకని ఉప్పు తగలకుండా అన్ని తిప్పలు పడ్డాం మేం. ఇప్పుడు వీడియోలు చూసి తడిరంగు మీద పనిగట్టుకుని ఉప్పు చల్లుతున్నారు. నక్షత్రాలు వస్తాయట. మా వంటింట్లో ఉప్పు డబ్బా ఖాళీ అయింది గానీ ఆకాశంలో ఒక్క నక్షత్రమూ కుదురుగా రాలేదు.

గొడుగు మాట కూడా చెప్పాలి. ఎండలో తెల్లకాగితం కళ్లు చెదరగొడుతుంది. ఆ చెదురులో వేసిన రంగు ఇంటికొచ్చి నీడలో చూస్తే మసిబారి ఉంటుంది. అందుకే గొడుగు. అది కూడా నల్లగొడుగే, మన తాతల గొడుగు. ఈ మధ్య ఎర్రచారలూ పసుపుచారలూ ఉన్న పెద్ద గొడుగులు పాతి కూర్చుంటున్నారు. ఫోటోకి బాగుంటాయి. వాటి కింద కాగితం ఎర్రబారి కనిపిస్తుంది, ఎర్ర ఎక్కువైందనుకుని చెయ్యి తగ్గించేస్తుంది, ఇంటికి తెచ్చి చూస్తే బొమ్మ కామెర్లొచ్చినట్టు తేలుతుంది. అప్పుడు రంగుల కంపెనీని తిడతారు.

పంటు అన్నాను కదా. ఎదుర్లంక నుంచి యానాం వెళ్లాలంటే అప్పట్లో అదే దారి. సైకిళ్లూ, పాల క్యాన్లూ, కోళ్లగంపలూ, పెళ్లివాళ్లూ అందరూ దాని మీదే. లోక్‌సభ స్పీకరుగా చేసిన బాలయోగి గారిది ఎదుర్లంకే. 2002 మార్చిలో హెలికాప్టరు ప్రమాదంలో పోయారు. ఆయన పేరు మీదే గౌతమి మీద వారధి ఉంది. వారధి రావడం మంచిదే, పురిటినొప్పుల మనిషిని రాత్రిపూట రేవులో కూర్చోబెట్టుకుని పంటు కోసం ఎదురుచూసినవాళ్లకి తెలుస్తుంది దాని విలువ. నేను దాన్ని ఏమీ అనను. నేననేది వారధి మీద నుంచి గోదారి చూడ్డం గురించి. పంటు మీద నీళ్లు మన మోకాలి దగ్గర ఉండేవి. అవతలి ఒడ్డు ఎంత ఎత్తులో వస్తుందో, నీటి గీతకి కొబ్బరిమొవ్వుకి మధ్య ఎంత దూరమో పంటు దాటేసరికి కంటికి పట్టేసేది. ఇప్పుడు వారధి మీద మోటారు సైకిలు ఆపి, కింద ఎక్కడో ఉన్న గోదారికి వీపు చూపించి సెల్ఫీ తీసుకుని యానాం ఈఫిల్ టవర్ దగ్గరికి పోతున్నారు.

ఈఫిల్ టవర్ మాట వచ్చింది కాబట్టి ఒక ముక్క. 1954 దాకా యానాం ఫ్రెంచివాళ్లది. ఆరుబయట కూర్చుని సముద్రం వెయ్యడంలో లోకానికి ఒజ్జలు కూడా ఫ్రెంచివాళ్లే. ఒకప్పుడు నూనెరంగులు పందితిత్తిలో కట్టి దాచేవారు, బయటికి తీసుకెళ్తే చిమ్మేవి, ఎండిపోయేవి. 1841లో జాన్ గాఫ్ ర్యాండ్ అనే అమెరికా చిత్రకారుడు తగరపు ట్యూబు కనిపెట్టాడు. అక్కణ్నుంచి పెట్టె సర్దుకుని సముద్రానికి బయల్దేరారు జనం. క్లాడ్ మోనే 1870లో త్రూవిల్ బీచిలో కూర్చుని వేసిన బొమ్మ లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. దాని రంగులో ఇసుక రేణువులు ఇరుక్కుని ఉన్నాయి, నూటయాభై ఏళ్లు దాటినా అలాగే. గాలికి ఎగిరొచ్చి తడిరంగులో పడ్డాయి. మా పెట్టెల్లోనూ ఇసుకే ఉండేది, దోమలు కూడా. పైరగాలి తిరిగితే కాగితం లేచి గోదాట్లో పడేది. ఆ ఇసుకకి ఇప్పుడు గాజు పెట్టి కాపలా కాస్తున్నారు వాళ్లు.

ఫ్రెంచివాళ్ల దాకా ఎందుకు, రాజమండ్రి వెళ్లండి. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలుగా ఉన్న ఆస్వాల్డ్ కూల్డ్రే దొర స్వయంగా బొమ్మలు వేసేవాడు, పిల్లల్లో చెయ్యి ఉన్నవాణ్ని కనిపెట్టేవాడు. దామెర్ల రామారావుని అలాగే కనిపెట్టాడు, అడివి బాపిరాజు కూడా ఆయన శిష్యుడే. రామారావు బొంబాయి జె.జె. స్కూల్లో చదివొచ్చి, రాజమండ్రిలో చిత్రకళాశాల పెట్టి, 1925లో మశూచికం వచ్చి పోయాడు. ఇరవై ఎనిమిదేళ్లు నిండలేదు. ఆయన పేరున్న గ్యాలరీకి వెళ్లి బొమ్మల ముందు నిలబడి చూడండి. నేను చెప్పిన పిల్లల్లో ఆ గడప తొక్కినవాళ్లెందరో అడిగాను. చేతులు లేవలేదు. మాల్‌కి వెళ్లినవాళ్లు చేతులెత్తండి అని మాత్రం అడగలేదు, ఎందుకూ బాధ.

మా మనవడు హైదరాబాదులో ఇంజనీరు. పండక్కి వచ్చినప్పుడు ఒక పలక తెచ్చాడు, దాని మీద ప్లాస్టిక్ పుల్లతో వేస్తాడు. “తాతయ్యా, ఇందులో కోటీ అరవై లక్షల పైన రంగులున్నాయి” అన్నాడు. “ఎర్రనీటి రంగు తియ్యి” అన్నాను. ఆగస్టులో తీసిన ఫోటో ఒకటి పెట్టి, పుల్లతో పొడిచి, రంగు తీశాడు. చూస్తే మట్టిరంగు పోయి బూడిద. “ఇదేంట్రా?” అంటే, “ఫోన్ తెలుపు సరిచేస్తుంది తాతయ్యా” అన్నాడు. ఏది ఎర్రగా ఉంటే అది తప్పనుకుని ఫోన్ దాన్ని సర్దేస్తుందట. ఆకాశానికి వెలుగు సరిపెడితే కొబ్బరిమాను బొగ్గయిపోతుంది, మాను కనిపించేలా పెడితే ఆకాశం సున్నం అయిపోతుంది. అవతలి లంక సన్నగీతైపోతుంది. ఇన్ని అబద్ధాలు చెప్పిన సాక్షిని పట్టుకుని కోటిన్నర రంగులతో ఏం నిరూపిస్తార్రా? వాడు నవ్వి, “మీరు మారరు తాతయ్యా” అన్నాడు. మారను.

అన్నీ తిట్లేనా అంటారేమో. కాదు. ఇప్పుడు కాగితం బాగుంది, మందంగా ఉంది, తడిపినా ముడుచుకోదు. మంచి రంగులు కొరియర్‌లో ఐ.పోలవరానికే వస్తున్నాయి, మేం కాకినాడ వెళ్లి, ఉన్నదేదో తెచ్చుకునేవాళ్లం. ఆడపిల్లలు నోటుబుక్కు పట్టుకుని ఏటిగట్టు మీద ధైర్యంగా కూర్చుంటున్నారు. మా రోజుల్లో ఆడపిల్ల అలా కూర్చుంటే సాయంత్రానికి ఊరంతా కథలల్లేది. నా దగ్గర చదివిన ఒకమ్మాయి, కుంచె పట్టుకుంటే నాకంటే నయం, పెళ్లయ్యాక మళ్లీ ముట్టుకోలేదు. కాబట్టి ఈ పిల్లల్ని చూస్తే సంతోషమే. కానీ చెవుల్లో ఆ బుడిపెలెందుకు తల్లీ? గాలి దిక్కు మారితే ముందు చెవికి తెలుస్తుంది, ఆ తరవాతే నీటి మీద గరుకు కనిపిస్తుంది. పాట వింటూ వేసిన నీరు పాటలాగే సాఫీగా ఉంది.

చూసి వెయ్యమనేది నేనొక్కణ్నే కాదు. 2007లో సియాటిల్‌లో గాబ్రియెల్ కంపనారియో అనే పత్రికా చిత్రకారుడు అర్బన్ స్కెచర్స్ అని మొదలెట్టాడు. వాళ్ల నియమాల్లో మొదటిది: కళ్లెదుట ఉన్నదాన్ని అక్కడే కూర్చుని వెయ్యాలి. ఇప్పుడు లోకమంతా గుంపులు గుంపులుగా వేస్తున్నారు. మేం అరవై ఏళ్ల కింద చేసింది అదే. సియాటిల్ నుంచి వచ్చింది కాబట్టి వింటారేమోనని ఇక్కడ రాశాను.

ఇప్పుడు అసలు కోపం. నాకు కోపం పాతరోజులు పోయాయని కాదు. పోతాయి. 1996 నవంబరు 6 రాత్రి తుఫానొచ్చి మా మండలాన్నీ, కాట్రేనికోననీ ఊడ్చేసింది. తెల్లారి చూస్తే మొవ్వులు విరిగిన కొబ్బరిమానులే నిలబడి ఉన్నాయి. నా ట్రంకుపెట్టెలో బొమ్మలు నానిపోయి ఒకటికొకటి అతుక్కుపోయాయి, విడదీస్తే రంగంతా పక్కదానికి వెళ్లిపోయింది. ఆ తరవాత పూరిపాకల చోట శ్లాబులు వచ్చాయి, తుఫాను షెల్టర్లు వచ్చాయి. తెరచాపలు పోయి ఇంజన్లు వచ్చాయి, చెక్క పోయి ఫైబరు వచ్చింది. వరిచేలు పోయి రొయ్యల చెరువులు వచ్చాయి. ఏటిగట్టెక్కి చూస్తే గళ్లు గళ్లుగా చెరువులు, చుట్టూ నీలం వలలు, ఏరియేటర్లు తిరుగుతూ నురుగు, మధ్యలో కరెంటు తీగలు. మంచో చెడో, ఇదీ మన ఒడ్డు ఇప్పుడు.

మరి ఈ పిల్లల్లో ఒక్కడూ ఏరియేటరు వెయ్యడేం? సాయంత్రం ఎండ అడ్డంగా పడ్డప్పుడు ఆ నురుగు చూశారా? తెల్లగా ఉండదు, ఎండవైపు గులాబీ, నీడవైపు ఊదా. దాన్ని వెయ్యడానికి నా చెయ్యి ఇప్పటికీ తడబడుతుంది. మడ అడవిలో తిల్లచెట్టు చూశారా? ఆకు రాలేముందు ఎర్రబడుతుంది, పచ్చటి మడ మధ్యలో అక్కడో ఇక్కడో ఎర్రమచ్చ. కేలండరు బొమ్మలో అది ఉండదు, ఫోన్ దగ్గరికి వెళ్లదు. నేను మొదటిసారి దాని కింద పీట వేసుకోబోతే పడవాయన, “ఆయ్, దానికి ఆనుకోకండి మేష్టారూ, పాలు కంట్లో పడితే కళ్లు పోతాయండి” అన్నాడు. పాటు దిగినప్పుడు ఆ బురద చూడండి, నల్లమడ మీద ఊపిరివేళ్లు వందలు వందలుగా పైకి పొడుచుకొచ్చి ఉంటాయి, ఒక్కోదానికీ తడి అంచు, ఒక్కోదానికీ ఒక నీడ. ఇదంతా ఉచితంగా కళ్లముందు పెట్టుకుని, లేని పాక, లేని తెరచాప, లేని అస్తమయం వేస్తున్నారు. తాతల కాలం చూసిన మేమే పాకలు వెయ్యడం మానేశాం. చూడని వీళ్లకి ఎందుకీ పాకల పిచ్చి? అందంగా ఉంటుందని ఎవరో చెప్పారు. ఆ ఎవరో మురమళ్ల దాటి ఇటు ఎప్పుడూ రాలేదు.

పోటీలో మొదటి బహుమతి ఎవరికిచ్చానంటే, ఒక తొమ్మిదో తరగతి పిల్లకి. చెరువుగట్టు మీద మేత బస్తాలూ, వాటి మీద కూర్చున్న వాళ్ల నాన్నా. వెనక నీళ్లు చింతపండు పులుసు రంగులో వేసింది. “నీలం వెయ్యలేదేం?” అన్నాను పరీక్షగా. “అలా లేదు కదండీ” అంది. కమిటీవాళ్లకి నచ్చలేదు, అస్తమయం బొమ్మకి ఇమ్మన్నారు, ఫ్రేము కట్టించుకోవడానికి బాగుంటుందట. నేను సంతకం పెట్టలేదు. చివరికి ఇద్దరికీ చెరి సగం చేశారు, స్టీలు బకెట్టు ఒకరికి, దాని మూత ఇంకొకరికి.

వచ్చే అమావాస్య సాయంత్రం ఎదుర్లంక పాతరేవు దగ్గర ఉంటాను, మూడు దాటాక. ముమ్మిడివరం నుంచి యానాం వెళ్లే బస్సులన్నీ అటే వస్తాయి. రావాలనుకున్న పిల్లలు రావచ్చు, ఫీజు లేదు. ఫోన్లు సంచిలో పెట్టుకోవాలి. పీట, మంచినీళ్లు, నల్లగొడుగు ఎవరివి వాళ్లు తెచ్చుకోవాలి. నా గొడుగులో ఒకడికి కూడా చోటు లేదు, ముందే చెబుతున్నాను.